మిల్ (మిలిటరీ) డ్రాయింగుల నుంచి కమర్షియల్ స్టాండర్డ్‌లోకి: ఒక హైడ్రాలిక్ వాల్వ్ ఫ్యామిలీ కేస్ స్టడీ

రిజెక్ట్ అయిన ఆ లాట్‌లో నలభై వాల్వ్ బాడీలున్నాయి. సీఎంఎం (కొలతలు తీసే యంత్రం) రిపోర్టు చూస్తే చాలా బాడీల్లో బోల్టు రంధ్రాల పొజిషన్ ఫెయిల్. అవే బాడీలను తీసుకెళ్లి పాత ఫంక్షనల్ గేజ్ మీద పెట్టాం. ఆరు పిన్నులూ ఆరు రంధ్రాల్లోకి సులువుగా దిగాయి. ఒక్క బాడీ కూడా గేజ్ దగ్గర ఆగలేదు. మెషీన్ మారలేదు, ఆపరేటర్ మారలేదు, ప్రోగ్రామ్ మారలేదు. మారింది డ్రాయింగ్ ఒక్కటే. ఆ డ్రాయింగ్‌ను మార్చిన టీమ్‌లో నేనూ ఉన్నాను.

ఆ మార్పు ఎందుకు చేశామో, ఎక్కడ దెబ్బ తిన్నామో, తర్వాత పద్ధతి ఎలా మార్చుకున్నామో ఇక్కడ రాస్తున్నాను. పాత అమెరికన్ డిఫెన్స్ డ్రాయింగుల మీద పనిచేసే మన ఇంజినీర్లు అమెరికాలోనూ ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

నేపథ్యం

అప్పట్లో నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో విమానాల హైడ్రాలిక్ వాల్వ్‌లు తయారుచేసే ఒక కంపెనీలో డిజైన్ డాక్యుమెంటేషన్ చూసేవాణ్ని. కంపెనీ పెద్దదేమీ కాదు. 1960ల నుంచి వాళ్లకు మిలిటరీ ఆర్డర్లే ప్రధానం. పాత డ్రాయింగులు వెల్లమ్ మీద, మైలార్ మీద ఉండేవి. కొన్నిటికి మైక్రోఫిల్మ్ అంటించిన అపర్చర్ కార్డులే మిగిలాయి. స్కాన్ చేసిన వాటిలో దశాంశ బిందువు కనిపిస్తే అదృష్టం.

ఆ డ్రాయింగులన్నీ అమెరికా రక్షణ శాఖ డ్రాయింగ్ నియమావళి మిల్-స్టాండర్డ్-100 ప్రకారం గీసినవి. డ్రాయింగ్ నంబరు ఎలా ఇవ్వాలి, రివిజన్ ఎలా రాయాలి, పార్ట్స్ లిస్ట్ ఎలా ఉండాలి, కొనుగోలు చేసే భాగానికి ఏ రకం డ్రాయింగ్ గీయాలి అనేవన్నీ అందులో ఉండేవి. 1994 జూన్‌లో అప్పటి అమెరికా రక్షణ మంత్రి విలియం పెర్రీ ఒక ఉత్తర్వు ఇచ్చారు. వీలైన చోటల్లా మిలిటరీ స్పెసిఫికేషన్ బదులు పెర్ఫార్మెన్స్ స్పెసిఫికేషన్లు, కమర్షియల్ స్టాండర్డ్‌లు వాడమన్నది దాని సారం. ఆ తర్వాత కొన్నేళ్లలోనే వేలాది స్పెసిఫికేషన్లు రద్దయ్యాయి, లేదా పరిశ్రమ ప్రమాణాలు రూపొందించే ఎస్ఏఈ, ఏఎస్‌టీఎం లాంటి సంస్థల చేతికి వెళ్లాయి. మిల్-స్టాండర్డ్-100 స్థానంలోకి ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) వారి వై14.100, దాని తోబుట్టువులు వై14.24, వై14.34, వై14.35 వచ్చాయి. డిఫెన్స్‌కు మాత్రమే కావలసిన నియమాలను వై14.100 చివర అనుబంధాల్లో పెట్టారు. కాంట్రాక్టులో అడిగితేనే అవి వర్తిస్తాయి.

కంపెనీ మాత్రం చాలా కాలం కదల్లేదు. మిలిటరీ కస్టమర్ పాత డ్రాయింగ్‌తోనే కొంటుంటే మార్చాల్సిన అవసరం ఏముంది? 2011 ప్రాంతంలో ఒక కమర్షియల్ విమాన ప్రోగ్రామ్‌కు అదే వాల్వ్ ఫ్యామిలీ అమ్మే అవకాశం రావడంతో కథ మారింది. కస్టమర్ మొదటి ప్రశ్నే ఇది: "ఈ డ్రాయింగ్‌లో ఉన్న స్పెసిఫికేషన్లలో సగం రద్దయినవి. వీటికి మీ సప్లయర్లు సర్టిఫికెట్ ఎలా ఇస్తారు?" మా దగ్గర జవాబు లేదు. నిజానికి ప్లేటింగ్ షాపులు అప్పటికే కొన్నేళ్లుగా కొత్త స్పెక్ నంబరుతో సర్టిఫికెట్ పంపుతున్నాయి. మా రిసీవింగ్ ఇన్‌స్పెక్టర్ చేత్తో ఒక నోట్ రాసి పాస్ చేస్తున్నాడు.

మొదటి ప్రయత్నం

మేనేజ్‌మెంట్ ఇచ్చిన గడువు మూడు నెలలు. వేసిన ప్లాన్ కూడా దానికి తగ్గట్టే ఉంది. రద్దయిన నంబర్లు ఎడమ వైపు, కొత్త నంబర్లు కుడి వైపు పెట్టి ఒక ఎక్సెల్ షీట్, ముగ్గురు కాంట్రాక్ట్ డ్రాఫ్టర్లు, స్కాన్ చూసి క్యాడ్‌లో మళ్లీ గీయడం, నోట్స్‌లో పాత నంబరు తీసి కొత్తది పెట్టడం. టైటిల్ బ్లాక్ (డ్రాయింగ్ మూలన వివరాలుండే పెట్టె) పక్కన, కొలతలు, టాలరెన్సులు (అనుమతించే తేడాలు) ఏ స్టాండర్డ్ ప్రకారమో చెబుతూ "ఈ డ్రాయింగ్‌ను ఏఎస్ఎంఈ వై14.5-2009 ప్రకారం చదవాలి" అన్న వాక్యం. నేను అభ్యంతరం చెప్పలేదు. నాకూ అది సబబుగానే అనిపించింది.

ఆ చివరి వాక్యమే మమ్మల్ని ముంచింది.

పాత డ్రాయింగ్‌లో బోల్టు రంధ్రాల గురించి ఉన్న నోట్ అర్థం ఇది: ఆరు రంధ్రాలు, వ్యాసం .260 నుంచి .266 అంగుళాలు, ట్రూ పొజిషన్ నుంచి .005 ఆర్ లోపల. 1960ల డ్రాయింగుల్లో ఇలా మాటల్లో రాయడం మామూలే. ఇక్కడ ఆర్ అంటే రేడియస్. రంధ్రం కేంద్రం అసలు చోటు నుంచి ఏ వైపుకైనా .005 అంగుళం జరగవచ్చు. ఇప్పటి ఫీచర్ కంట్రోల్ ఫ్రేమ్‌లో (టాలరెన్స్‌ను గుర్తులతో రాసే పెట్టెలో) వ్యాసం గుర్తుతో రాస్తే అది .010 కావాలి. మా డ్రాఫ్టర్ వ్యాసం గుర్తు పెట్టి, పక్కన .005 అనే రాశాడు. టాలరెన్స్ సగానికి పడిపోయింది.

అంతటితో అయిపోలేదు. ఆ కాలపు పద్ధతిలో పొజిషన్ టాలరెన్స్‌కు ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే మ్యాగ్జిమమ్ మెటీరియల్ కండిషన్ వర్తిస్తుందని అర్థం. అంటే రంధ్రం చిన్న సైజులో ఉన్నప్పుడు .010, రంధ్రం పెద్దదైన కొద్దీ ఆ మేరకు అదనపు వెసులుబాటు. .264 వచ్చిన రంధ్రానికి .014 వరకూ చెల్లుతుంది. 1982 వై14.5 లో దీన్ని డ్రాయింగ్ మీద స్పష్టంగా రాయాలన్నారు. 1994 నుంచి ఏమీ రాయకపోతే ఆ వెసులుబాటు లేనట్టే లెక్క. మా కొత్త ఫ్రేమ్‌లో ఆ కండిషన్‌ను తెలిపే ఎం గుర్తు లేదు. పక్కన 2009 స్టాండర్డ్ ప్రకారం చదవమని మేమే రాశాం. కాబట్టి .264 రంధ్రానికి నిజంగా ఉండాల్సిన టాలరెన్స్ .014 అయితే, మా డ్రాయింగ్ ఇచ్చింది .005.

పాత గేజ్ పిన్నుల వ్యాసం .250. రంధ్రం కనిష్ఠ సైజు .260 లోంచి .010 తీసేస్తే వచ్చేది అదే. అందులోంచి పోయేది పావు అంగుళం బోల్టు. అప్పటి డిజైనర్ బోల్టుకూ రంధ్రానికీ మధ్య ఉన్న ఖాళీనే టాలరెన్స్‌గా ఇచ్చాడు, దానికి తగ్గట్టే గేజ్ చేయించాడు. ఆ గేజ్‌ను చేతిలో పట్టుకుని లెక్క వేసుకున్న రోజు నాకు ఆయన మీద చాలా గౌరవం కలిగింది. నలభై బాడీలూ మంచివే. చెడిపోయింది మా అనువాదం.

రెండో దెబ్బ: పాసివేషన్

పాసివేషన్ అంటే స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకుండా యాసిడ్‌లో ముంచడం. ఈ దెబ్బ నేరుగా పార్టుల మీద పడింది, కాబట్టి మరింత నొప్పి. వాల్వ్‌లోని ఒక చిన్న భాగం 416 స్టెయిన్‌లెస్‌తో చేస్తారు. మెషినింగ్ సులువుగా ఉండేందుకు సల్ఫర్ కలిపిన స్టీల్ అది. అందుకే యాసిడ్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పాత డ్రాయింగ్‌లో "క్యూక్యూ-పి-35, టైప్ 2" అని ఉంది. నైట్రిక్ యాసిడ్‌లో సోడియం డైక్రోమేట్ కలిపి చేసే పద్ధతి అది. ఇలాంటి స్టీల్‌ను యాసిడ్ తినేయకుండా ఆ డైక్రోమేట్ కాపాడుతుంది.

క్యూక్యూ-పి-35 అనే ఫెడరల్ స్పెసిఫికేషన్ 1990ల్లోనే రద్దయింది. మా ఎక్సెల్ షీట్‌లో దాని ఎదురుగా "ఏఎస్‌టీఎం ఏ967" అని ఉంది. అంతే. టైప్ గురించి ఒక్క ముక్క లేదు. ఏ967 లో నైట్రిక్ పద్ధతులు అనేకం, సిట్రిక్ పద్ధతులూ ఉన్నాయి. కొనేవాడు ఏదని చెప్పకపోతే ప్రాసెస్ చేసేవాడు ఎంచుకోవచ్చు. షాపు తన దగ్గర రోజూ నడిచే ట్యాంకులో ముంచింది. డ్రాయింగ్ ప్రకారం వాళ్లది తప్పు కాదు. పార్టులు నల్లబడి, పైపొర గరుకుగా తిరిగొచ్చాయి. స్క్రాప్.

ఏ967 లో టైప్ 2 కు దగ్గరగా సరిపోయేది నైట్రిక్ 1. ఎస్ఏఈ వారి ఏఎంఎస్ 2700 తీసుకుంటే పాత టైప్ నంబర్లే చాలావరకు కొనసాగుతాయి కాబట్టి పొరపాటుకు చోటు తక్కువ. మేం చివరికి రెండోదే ఎంచుకున్నాం. మా ప్లేటింగ్ షాపు న్యాడ్‌క్యాప్ (విమాన పరిశ్రమ ప్రక్రియలకు ఇచ్చే గుర్తింపు) సర్టిఫికెట్‌లో అది ఉందో లేదో ముందే చూసుకున్నాం.

పద్ధతి మార్చుకున్న తీరు

రెండు దెబ్బల తర్వాత పని ఆపమని నేనే అడిగాను. రిటైరైన ఒక డ్రాయింగ్ చెకర్‌ను వారానికి రెండు రోజులు పిలిపించాం. డెబ్బై దాటిన మనిషి. నా ఎక్సెల్ షీట్ చూసి ఆయన అడిగిన మాట ఒక్కటే: ఈ నోట్ ఎవరికి ఏ పని చెబుతోంది?

ఆ ప్రశ్ననే షీట్‌లో కొత్త కాలమ్‌గా పెట్టాం. పాత నంబరు, కొత్త నంబరు ఉంటే చాలదు. మధ్యలో ఆ నోట్ వల్ల షాపులో ఎవరు ఏం చేస్తారు, ఏం చేయకూడదు అన్నది మామూలు మాటల్లో రాయాలి. కొత్త స్పెక్ ఆ పనంతా చెబుతోందా, ఏదైనా మిగిలిపోతోందా అన్నది ఇంకో కాలమ్. ఏదైనా మిగిలితే దాన్ని డ్రాయింగ్ మీద నోట్‌గా రాయాలి. ఆ కాలమ్ ఖాళీగా ఉంటే డ్రాయింగ్ రిలీజ్ కాదు. పని బాగా నెమ్మదించింది. మూడు నెలలు అనుకున్నది ఏడాదిన్నర దాటింది. మళ్లీ చేయాల్సి వస్తే మొదటి రోజు నుంచే ఇలా చేస్తాను.

ఆ కాలమ్ వల్లే ఒక పెద్ద ప్రమాదం తప్పింది. అసెంబ్లీ డ్రాయింగ్‌లో టెస్టింగ్ నోట్ ఒకటి ఉంది: మిల్-హెచ్-5606 ఆయిల్‌తో పరీక్షించి, అదే ఆయిల్ తడి ఉండగా ప్యాక్ చేయాలి. మిలిటరీ వాసన వస్తోందని ఒక డ్రాఫ్టర్ దాన్ని తీసేశాడు. చెకర్ పట్టుకున్నాడు. ఆ ఎర్ర మినరల్ ఆయిల్‌కు సరిపడేది నైట్రైల్ సీల్. పెద్ద ప్యాసింజర్ విమానాల్లో ఫాస్ఫేట్ ఎస్టర్ రకం ద్రవం వాడతారు. అందులో నైట్రైల్ ఉబ్బి పాడైపోతుంది, ఎథిలీన్ ప్రొపిలీన్ సీల్ కావాలి. ఎథిలీన్ ప్రొపిలీన్‌కేమో మినరల్ ఆయిల్ పడదు. అంటే కమర్షియల్ వాల్వ్‌కు సీళ్లు మారాలి, టెస్ట్ బెంచ్‌లో ద్రవం మారాలి, ప్యాకింగ్ మారాలి. నోట్ తీసేసి ఉంటే కొత్త సీళ్లున్న వాల్వ్‌ను పాత బెంచ్ మీద మినరల్ ఆయిల్‌తోనే టెస్ట్ చేసేవాళ్లు. డ్రాయింగ్ ప్రకారం అడ్డు చెప్పేవారెవరూ ఉండేవారు కాదు.

పార్ట్ నంబర్ల గొడవ కూడా ఇక్కడే తేలింది. సేల్స్ వాళ్లు కమర్షియల్‌కు మొత్తం కొత్త నంబర్లు కావాలన్నారు. స్టోర్స్ వాళ్లు ఒక్కటీ మార్చొద్దన్నారు. మేం పాత నియమాన్నే పట్టుకున్నాం. డ్రాయింగ్ పాటించే స్టాండర్డ్ మారినంత మాత్రాన పార్ట్ మారదు, కాబట్టి బాడీకి రివిజన్ అక్షరం మాత్రమే మారుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి బిగించలేని పరిస్థితి వస్తే నంబరు మారాలి. సీళ్లు మారాయి కాబట్టి అసెంబ్లీకి కొత్త నంబరు.

మిల్ అని కనబడిన ప్రతిదీ తీసేయాలన్న తొందర కూడా తప్పే. అల్యూమినియం అనోడైజింగ్‌కు మిల్-ఎ-8625 ను అప్పట్లో కమర్షియల్ పరిశ్రమ కూడా హాయిగా వాడేది. దాన్ని అలాగే ఉంచాం. ఫాస్టెనర్ల దగ్గర ఇంకో తికమక. చాలా ఎంఎస్ (మిలిటరీ) స్టాండర్డ్‌లు ఎన్ఏఎస్ఎం పేరుతో ఇండస్ట్రీ చేతికి వెళ్లాయి, కానీ పార్ట్ నంబరు మాత్రం ఎంఎస్‌తోనే మొదలవుతుంది. రివెట్ స్టాండర్డ్ పేరు ఎన్ఏఎస్ఎం20470. కొనాల్సిన రివెట్ నంబరు ఎంఎస్20470 తోనే ఉంటుంది. మా షీట్ రెండిటినీ కలిపి మార్చేసింది. స్టోర్స్‌లో బిన్ నిండా రివెట్లున్నా సిస్టమ్‌లో స్టాక్ సున్నా అని చూపించింది.

ఏ డ్రాయింగ్ ముట్టుకోవచ్చు

మొదట్లో మాకు తట్టని ప్రశ్న ఇది. డ్రాయింగ్ మీద ఉండే అయిదక్షరాల కేజ్ కోడ్ ఆ డ్రాయింగ్ ఏ సంస్థదో చెబుతుంది. కొన్నిటి మీద మా కోడ్ లేదు, ప్రభుత్వ కార్యాలయానిది ఉంది. వాటిని మార్చే అధికారం మాకు లేదు. మార్పు కావాలంటే అడగాలి. అవి ఒక కుప్ప. మిలిటరీకీ కమర్షియల్‌కూ రెండిటికీ వెళ్లేవి రెండో కుప్ప. వాటికి తర్వాత ఎప్పుడు ఏ కారణంతో రివిజన్ వచ్చినా అప్పుడే కన్వర్ట్ చేయాలనుకున్నాం. కమర్షియల్‌కు మాత్రమే వెళ్లేవి వెంటనే. ఇలా విడగొట్టాక వెంటనే చేయాల్సినవి మొదట అనుకున్నదాంట్లో సగం కూడా లేవు. పని చేసే ముందు వేసుకోవాల్సిన లెక్క ఇది. మేం మధ్యలో వేసుకున్నాం.

డ్రాయింగ్ మీది డిస్ట్రిబ్యూషన్ స్టేట్‌మెంట్లు (ఎవరికి ఇవ్వవచ్చో చెప్పే వాక్యాలు), ఎగుమతి నియంత్రణ హెచ్చరికల విషయం మరీ ముఖ్యం. కొత్త ఫార్మాట్‌లో ఆ పెట్టె లేదు కాబట్టి అది మాయమైంది. ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే గ్రీన్ కార్డ్ వచ్చేదాకా నాకే ఆ డ్రాయింగులు చూపించేవారు కాదు. ఐటార్ అనే అమెరికా ఆయుధ ఎగుమతి నిబంధనల ప్రకారం అలాంటి టెక్నికల్ డేటాను అనుమతి లేకుండా విదేశీయుడికి చూపించడం అంటే ఎగుమతి చేసినట్టే. డ్రాయింగ్ కమర్షియల్ టైటిల్ బ్లాక్‌లోకి వచ్చినంత మాత్రాన దాని చట్టపరమైన స్థితి మారదు. ఆ పార్ట్ ఏ జాబితాలోకి వస్తుందో ఎగుమతి నిబంధనలు చూసేవాళ్లు తేల్చి, రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పటిదాకా హెచ్చరిక ఉండాల్సిందే. ఇది డ్రాఫ్టర్ నిర్ణయం కాదు, నాది కూడా కాదు.

బాలానగర్ నుంచి ఫోన్

అలా క్లియరెన్స్ వచ్చిన కొన్ని సాధారణ బ్రాకెట్లు, కవర్లు హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక మెషిన్ షాపుకు వెళ్లాయి. మొదటి వారంలోనే యజమాని ఫోన్ చేశారు. "సార్, అంచుల దగ్గర నోట్‌లో మీ కంపెనీ స్పెక్ నంబరేదో ఉంది. అది మా దగ్గర లేదు. పంపిస్తారా, లేకపోతే కార్నర్ ఎంత కొట్టాలో మీరే చెప్తారా?"

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. నలభై ఏళ్లు అదే ఊళ్లో, అవే షాపులతో పనిచేసిన కంపెనీకి ఆ స్పెక్ అందరికీ కంఠతా వచ్చు. డ్రాయింగ్ ఊరు దాటితే అది ఉత్త నంబరు. దాని బదులు ఎంత నుంచి ఎంత వరకు కొట్టాలో డ్రాయింగ్ మీదే రాశాం.

ఫస్ట్ ఆర్టికల్ (మొదట చేసిన పార్ట్) తనిఖీలో ఇంకోటి బయటపడింది. మా డ్రాయింగులు అంగుళాల్లో ఉంటాయి. దశాంశం తర్వాత ఎన్ని అంకెలున్నాయో దాన్నిబట్టి టాలరెన్స్. .50 అంటే ±.01, .500 అంటే ±.005. అక్కడి ప్రాసెస్ షీట్ రాసిన కుర్రాడు .500 ను 12.7 మిల్లీమీటర్లు అని మార్చాడు. లెక్క సరైనదే. కానీ 12.7 దగ్గర ఆ చివరి సున్నా చెప్పే మాట పోయింది. షాపులో అలవాటుగా వాడే మీడియం క్లాస్ జనరల్ టాలరెన్స్ ±0.2 పట్టింది. మాకు కావలసింది ±0.127. నేనూ డ్రాయింగ్ నేర్చుకున్నది ఆంధ్రాలోనే, మిల్లీమీటర్లలో, ఫస్ట్ యాంగిల్‌లో (పార్ట్ పక్క చూపులను కాగితం మీద అమర్చే ఒక పద్ధతి; అమెరికాలో దానికి తారుమారైన థర్డ్ యాంగిల్). అమెరికా వచ్చిన కొత్తలో థర్డ్ యాంగిల్ చూసి కుడి ఎడమలు తారుమారు చేసుకున్నవాణ్ని. అందుకే ఆ కుర్రాడి తప్పు నాకు వెంటనే అర్థమైంది. అప్పటి నుంచి ముఖ్యమైన కొలతలన్నిటికీ టాలరెన్స్‌ను కొలత పక్కనే రాశాం, టైటిల్ బ్లాక్‌కు వదల్లేదు. థర్డ్ యాంగిల్ గుర్తును టైటిల్ బ్లాక్ మూలలోంచి తీసి పెద్దగా, కనిపించే చోట పెట్టాం.

ఇప్పటి స్థితి

కమర్షియల్ పద్ధతికి మారితే డ్రాయింగ్ తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని విషయాల్లో నిజమే. పార్ట్స్ లిస్ట్ ఈఆర్‌పీ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లింది, కొనే భాగాలకు విడివిడిగా గీసే కంట్రోల్ డ్రాయింగులు తగ్గాయి. కానీ ఆ తేలికదనం పేరుతో చాలా కంపెనీలు చెకర్ అనే ఉద్యోగాన్ని కూడా తీసేశాయి. మా దగ్గరా అంతకుముందే తీసేశారు. నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో అతి పెద్ద నష్టం అదే. ఏ స్టాండర్డూ ఆ ఉద్యోగాన్ని తీసేయమని చెప్పలేదు.

మా పెద్దాయన చెకర్ వెళ్లేముందు ఇద్దరు జూనియర్లను ఆయన పక్కన కూర్చోబెట్టాం. ఆ తర్వాత నోట్స్ షీట్‌ను వాళ్లే నడిపారు. నేను ఆ కంపెనీ వదిలే నాటికి రెండో కుప్పలో చాలా డ్రాయింగులు ఇంకా పాత రూపంలోనే ఉన్నాయి, రివిజన్ వచ్చే రోజు కోసం. ఆరు పిన్నుల గేజ్‌ను మాత్రం క్యాలిబ్రేషన్ జాబితాలో మళ్లీ చేర్చాం. బాడీ డ్రాయింగ్‌లో పొజిషన్ ఫ్రేమ్ ఇప్పుడు వ్యాసం .010, పక్కన ఎం గుర్తు. దాని కింద ఒక నోట్: పొజిషన్‌ను ఈ గేజ్‌తోనైనా పరీక్షించవచ్చు. నలభై బాడీలూ అసెంబ్లీకి వెళ్లాయి.